కొత్త 350 తీసుకున్నా, మజా రావట్లేదు. అమ్మేయాలా, ఆగాలా?

మియాపూర్_పల్సర్ | హైదరాబాద్

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ మీరు రాసేవి చదివి పోవడమే కానీ నేనెప్పుడూ రాయలేదు. ఇప్పుడు కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కెయ్యాలి. ఇంట్లో చెప్తే "రెండు లక్షల పైన పోసి ఇప్పుడు నచ్చలేదంటావా" అంటారు, అందుకే ఇక్కడికొచ్చా.

పదేళ్ళ పైగా పల్సర్ 150 నడిపాను. దాన్ని మా బావమరిదికి ఇచ్చేసి ఈ మధ్యే 350 సీసీ రెట్రో బండి తీసుకున్నా. కంపెనీ పేరు రాయను, రాశానంటే ఇక్కడ రెండు పార్టీలై కొట్టుకుంటారు, నా గోడు గాల్లో కలుస్తుంది. సింగిల్ సిలిండర్, గుండ్రటి హెడ్‌లైటు, 195 కిలోలు అంటే మీకే తెలిసిపోతుంది. కాలేజీ రోజుల నుంచి ఉన్న కోరిక ఇది. టెస్ట్ రైడ్ అంటారా, షోరూమ్ వెనక సందులో ఒక రౌండు, అంతే.

నిమ్మకాయలు తొక్కించి, దండేసి, ఫొటో దిగి బయల్దేరినప్పుడున్న హుషారు కూకట్‌పల్లి దాటేసరికే సగం దిగిపోయింది. పికప్ లేదు. పల్సర్‌కి ఎక్స్‌లేటర్ తిప్పితే ముందుకి దూకేది, దీనికి తిప్పితే దుడుదుడుమని శబ్దం పెరుగుతుంది కానీ బండి తీరిగ్గా కదులుతుంది. మెట్రో పిల్లర్ల మధ్య యూటర్న్ తీసుకోవాలంటే చచ్చే భయం, కాలు కింద పెట్టి నెట్టుకుంటూ తిప్పుతుంటే వెనక ఆటోవాడి హారన్. చిన్న గతుక్కి కూడా నడుం దాకా కొడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే కుడి మోకాలి కింద సెగ. అన్నిటికంటే ఘోరం మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు, పొద్దున్నే దాన్ని వెనక్కి లాగి, తిప్పి, పైకెక్కించేసరికి చేసిన స్నానం కాస్తా వృథా.

నిన్న బావమరిది పల్సర్ వేసుకుని ఇంటికొచ్చాడు. పాలకి వెళ్ళొస్తానని చెప్పి దాన్ని తీసుకెళ్ళా. పాలు మా పక్క సందులోనే దొరుకుతాయి, నేను జేఎన్‌టీయూ దాకా పోయి వచ్చా.

ఫస్ట్ సర్వీసు కూడా కాలేదు ఇంకా. ఇది అలవాటయ్యేదేనా, లేక ఇప్పుడే అమ్మేస్తే నయమా?

ఓంగోలు_గిత్త | ఒంగోలు

పాల కోసం జేఎన్‌టీయూ దాకానా, హహహ. అన్నా, నేను స్ప్లెండర్ నుంచి దీని మీదకొచ్చా, మొదట్లో నాకూ ఇంతే. ఫస్ట్ సర్వీసు అయ్యేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకు. ఆయిల్ మార్చాక గేర్లు మెత్తగా పడతాయి, బండి వేరేగా ఉంటుంది.

సైలెన్సర్_స్టార్ | నిజాంపేట్

బ్రో, అసలు ప్రాబ్లెం సౌండే. కంపెనీ సైలెన్సర్ తీసి పడేసి షార్ట్ బాటిల్ సైలెన్సర్ వేయించు, ఫీలే మారిపోతుంది. తర్వాత ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కించి ఒకసారి ఫుల్లుగా లాగు, ఇంజిన్ ఫ్రీ అవుతుంది.

నిర్వాహకుడు

సైలెన్సర్_స్టార్, రెండు సంగతులు. సైలెన్సర్లు మార్చుకునే సలహాలు ఇక్కడ వద్దు, హైదరాబాద్‌లోనూ వైజాగ్‌లోనూ పోలీసులు అవి ఊడబీకి వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. రెండోది, ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదకి టూ వీలర్లని రానివ్వరు, పక్కన సర్వీస్ రోడ్డే మనకి. రన్నింగ్-ఇన్‌లో, అంటే ఇంకా కుదురుకునే దశలో ఉన్న కొత్త ఇంజిన్‌ని ఫుల్లుగా లాగమనడం సంగతి మిగతావాళ్ళు చూసుకుంటారు.

లెక్కల_మాస్టారు | కర్నూలు

పికప్ లేదన్నారు కదా, ఒక లెక్క చూద్దాం. మీ పాత పల్సర్ 150 మోడల్‌ని బట్టి 14 నుంచి 15 హార్స్‌పవర్, బరువు 145 కిలోలు అటూ ఇటూ. కొత్తది 20 హార్స్‌పవర్, 195 కిలోలు. మీరొక 75 కిలోలు ఉంటారనుకోండి. మనిషితో కలిపి టన్ను బరువుకి ఎన్ని హార్స్‌పవర్ అని చూస్తే పల్సర్‌కి 68 దాకా వస్తుంది, దీనికి 74. అంటే కాగితం మీద మీ కొత్త బండే చురుకైనది.

మరి ఎందుకలా అనిపించడం లేదు? పల్సర్ జోరంతా ఇంజిన్ గోలలో ఉండేది. పల్సర్ తన బలమంతా 8500, 9000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇస్తుంది, టార్క్, అంటే తిప్పే బలం కూడా 6500 దగ్గర గానీ పూర్తిగా రాదు. అందుకని మీ చెవి, మీ చెయ్యి పదేళ్ళుగా "గోల పెరిగితేనే వేగం" అని నేర్చుకున్నాయి. ఇప్పుడు తీసుకున్న కోవ ఇంజిన్లలో పిస్టన్ దాదాపు 86 మిల్లీమీటర్లు పైకీ కిందకీ తిరుగుతుంది, పల్సర్‌లో అది 60 దరిదాపుల్లో. పొడుగు స్ట్రోకు ఇంజిన్ నిదానంగా తిరుగుతూనే గట్టిగా తోస్తుంది. 27 న్యూటన్ మీటర్ల టార్క్ 4000 ఆర్‌పీఎంకే వచ్చేస్తుంది, పల్సర్ టార్క్‌కి రెట్టింపు పైన. మీరేమో అది అయిపోయిన చోట ఇంకా తిప్పుతూ, ఏదో రావాలని ఎదురుచూస్తున్నారు. అక్కడ వచ్చేదేమీ లేదు, ఇచ్చేది ముందే ఇచ్చేసింది.

ఒకసారి స్పీడోమీటరు చూస్తూ నడపండి. "మెల్లగా పోతున్నా" అనిపించినప్పుడు ముల్లు ఎక్కడుందో చూసి చెప్పండి.

హేమ_ఆన్_రోడ్ | విజయవాడ

మాస్టారి లెక్క బాగుంది కానీ గతుకుల్లో నడుం పోవడానికి లెక్కలు మందు కాదు. తమ్ముడూ, షోరూమ్ నుంచి వచ్చాక టైర్లలో గాలి ఎంతుందో చూశావా? డెలివరీ ఇచ్చేటప్పుడు 40 పైన కొట్టి పంపడం చాలా చోట్ల అలవాటు, స్టాకులో ఉన్నన్నాళ్ళు టైరు పాడవకుండా ఎక్కువ నింపుతారు, తర్వాత తగ్గించడం మర్చిపోతారు. పెట్రోల్ బంకు కుర్రాణ్ణి అడక్కు, వాడు అన్ని బండ్లకీ ఒకటే నంబరు కొడతాడు. బండి మీదే స్టిక్కరు ఉంటుంది చూడు, చల్లటి టైరుకి ఆ నంబరు పెట్టించు. అలాగే సీటు కింద టూల్ కిట్‌లో కొడవలిలా వంగిన స్పానర్ ఒకటి ఉంటుంది, అది వెనక షాక్ అబ్జార్బర్ల కింద ఉండే రింగు తిప్పడానికి. నీ బరువుకి, వెనక ఎవరు కూర్చుంటారన్నదానికి తగ్గట్టు పెట్టుకోవాలి. రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండాలి సుమా, నాకు డెలివరీ ఇచ్చినప్పుడు ఒకటి ఒక మెట్టు, ఇంకోటి ఇంకో మెట్టు.

ఇంకోటి, క్లచ్ లివరూ బ్రేకు లివరూ ఏ కోణంలో ఉన్నాయి? చేతులు చాచి పట్టుకుంటే మణికట్టు వంగకుండా వేళ్ళు నేరుగా లివరు మీద పడాలి. నేను ఐదడుగుల రెండంగుళాలు, సీటు ఎత్తేమో 800 మిల్లీమీటర్ల పైన, నాకు బండి కుదురుకోవడానికి ఇవే సగం పని చేశాయి. పది ఎంఎం స్పానరో అలెన్ కీనో ఉంటే చాలు, మెకానిక్ అక్కర్లేదు.

ముందు ఇవి చేసి చెప్పు. అమ్మకం మాట తర్వాత.

సగం_ట్యాంకు | వరంగల్

అందరూ అలవాటు చేసుకో, అలవాటు చేసుకో అంటున్నారు. నేను వేరే మాట చెప్తా. నచ్చని దాంతో సర్దుకుపోవడానికి ఇదేమైనా పెళ్ళా? నేనూ ఇలాంటి బండే తీసుకుని, ఏడాది పైన నాకు నేనే నచ్చజెప్పుకుని, ఆఖరికి అమ్మేసి 125 స్కూటర్ కొనుక్కున్నా. ఇంటి నుంచి హన్మకొండ ఆఫీసు, ఆఫీసు నుంచి కూరగాయల మార్కెట్, నాకున్న రైడింగ్ అంతే. ఇప్పుడు హాయిగా ఉన్నా. అన్నా, నువ్వు నెలకి ఎన్నిసార్లు ఊరు దాటి పోతావో ముందు అది చెప్పు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి, గచ్చిబౌలి నుంచి మియాపూర్ అయితే నీకిది దండగ.

కాకపోతే డబ్బు సంగతి కూడా విను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, కొత్త వాటి రేటే తగ్గేసరికి సెకండ్ హ్యాండ్ వాటికి అడిగేవాడూ అంతకి అంత తగ్గించే అడుగుతున్నాడు. పైగా నువ్వు కట్టిన లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను, ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, ఇవేవీ కొనేవాడు నీకు లెక్క కట్టి ఇవ్వడు. అమ్మితే పోయేదెంతో తెలుసుకుని అమ్ము.

ఓంగోలు_గిత్త | ఒంగోలు

సగం_ట్యాంకు అన్నా, నువ్వు చెప్పింది నీకు కరెక్టు. ఆయన కాలేజీ నుంచి కోరుకున్నా అన్నాడు కదా, మార్కెట్‌కి పోయే బండి కోసం కాదు కదా అడిగేది.

సగం_ట్యాంకు | వరంగల్

నేనూ కాలేజీ నుంచే కోరుకున్నా తమ్ముడూ. కోరిక వేరు, రోజూ ఎక్కే బండి వేరు.

మియాపూర్_పల్సర్ | హైదరాబాద్

హేమక్కా, మీరు చెప్పినట్టే సొంతంగా గేజి కొని చూశా. వెనక 45, ముందు 42! స్టిక్కర్ మీదున్నదానికి ఎక్కడా పొంతన లేదు. దించేశా. రింగులు రెండూ ఒకేలా ఉన్నాయి కానీ బాగా బిగుతు మెట్టులో ఉన్నాయి, నేను సన్నగా ఉంటా, వెనక ఎవరూ కూర్చోరు, రెండు మెట్లు తగ్గించా. నిజాంపేట్ రోడ్డు మీద గతుకులు గతుకులే, కానీ ఇప్పుడు బండి ఒకసారి దిగి లేస్తోంది, ముందులాగా డబడబ కొట్టడం లేదు. లివర్లు కాస్త కిందకి దించా, సాయంత్రం ఇంటికొచ్చాక చెయ్యి గుంజడం తగ్గింది.

మాస్టారూ, ముల్లు చూశా. మెల్లగా పోతున్నా అనుకున్న చోట 62 ఉంది. కొంచెం భయమేసింది కూడా.

సగం_ట్యాంకు అన్నా, రోజూ గచ్చిబౌలే, మీరన్నది నిజం. కానీ మా ఊరు మాచర్ల, రెండు నెలలకోసారైనా వెళ్తా, ఇంతకుముందు బస్సులో పోయేవాణ్ణి. ఈసారి బండి మీద పోవాలనే అసలు తీసుకున్నది. అమ్మడం గురించి ఇంకా ఆలోచిస్తున్నా, దాచను.

టాప్‌గేర్_తాత | గుంటూరు

ఈ గోల కొత్తదేం కాదు నాయనా. నేను యమహా ఆర్ఎక్స్ 100 నడిపినవాణ్ణి. 1985లో వచ్చింది, 1996లో ఆపేశారు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల పైన కొంచెం. టూ స్ట్రోక్ కదా, ఒక స్థాయి దాటాక జివ్వుమని లేచేది. దాని మీంచి దిగి ఫోర్ స్ట్రోక్ బండి ఎక్కినవాళ్ళందరూ నీలాగే "చచ్చిన బండి" అన్నారు. తర్వాత వాటి మీదే పిల్లల్ని బడికి దింపారు, పెళ్ళిళ్ళకి పోయారు, ఇప్పుడు అవి పాతబడితే వాటి మీద బెంగ పెట్టుకుంటున్నారు.

నేను తర్వాత పాత బుల్లెట్ కొన్నా. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. పైగా ఫస్ట్ గేరు పైకి, మిగతావి కిందకి. ఇరవై ఏళ్ళు ఎడమకాలితో గేరు మార్చినవాడు దాని మీద మొదటి నెల ఎలా ఉంటాడో ఊహించుకో, గేదె అడ్డం వస్తే బ్రేకనుకుని గేరు తొక్కేవాణ్ణి. స్టార్ట్ చెయ్యడం ఇంకో తంతు. కిక్కు ఊరికే కొడితే వెనక్కి తన్ని కాలి పిక్క వాచేది. ఇంజిన్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివరు నొక్కిపట్టి, అమ్మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కు మెల్లగా దించి, లివరు వదిలి, అప్పుడు ఒక్క తొక్కు పూర్తిగా కిందదాకా. అది కుదిరిన రోజున మా వీధిలో వాళ్ళందరూ చూశారా లేదా అని అటూ ఇటూ చూసుకునేవాణ్ణి.

నీ బండికి బటన్ ఉంది, గేరు ఎడమ పక్కనే ఉంది. నువ్వు పడేది పెద్ద కష్టమేం కాదు. రోజూ ఆఫీసుకి తీసుకుపోయి ట్రాఫిక్‌లో తిట్టుకోవడం మాని, ఆదివారం పొద్దున ఐదింటికి లేచి ఖాళీ రోడ్డు మీద పోనీ. కొత్త బండిని ట్రాఫిక్‌లో పరిచయం చేసుకోకూడదు.

ఘాట్_రోడ్ | విశాఖపట్నం

తాతగారూ, దండాలు. గేదె, గేరు సంగతి మా నాన్న కూడా చెప్తుంటారు.

తమ్ముడూ, ఊరికి పోదామంటున్నావు కాబట్టి ఫస్ట్ సర్వీసు అయ్యాక వెళ్ళు. మామూలుగా 500 కిలోమీటర్లకి లేదా 45 రోజులకి అంటారు, నీ మాన్యువల్లో ఏముందో చూసుకో. కొత్త ఇంజిన్‌లో భాగాలు ఒకదానికొకటి రాసుకుని ఒరుసుకునేటప్పుడు సన్నటి లోహపు పొడి ఆయిల్లో చేరుతుంది, మొదటి ఆయిల్ త్వరగా మార్చేది అందుకే. ఈలోపు గుర్తుపెట్టుకోవాల్సింది ఎంత స్పీడు అన్నదొక్కటే కాదు, ఒకే స్పీడులో గంటల తరబడి పోకూడదు. మారుస్తూ ఉండాలి. పెద్ద గేరులో పెట్టి ఈడ్చకూడదు కూడా. కొత్త టైర్లు కూడా మొదటి వంద కిలోమీటర్లు నున్నగా జారుతుంటాయి, వానలో జాగ్రత్త.

గేర్ల గురించి. సిటీలో 35, 40లో పోతూ నాలుగో గేరు వేస్తే ఈ బండ్లు దగ్గుతాయి. మూడులో ఉంచు. మూడో గేరు నీకు సిటీ అంతటికీ సరిపోతుంది, సగం క్లచ్ పని తగ్గుతుంది. ఎక్స్‌లేటర్ ఠక్కున తిప్పొద్దు, మెల్లగా మెలితిప్పినట్టు తిప్పు, అప్పుడు ఆ తోపు వీపుకి తెలుస్తుంది. నాకైతే ఈ ఇంజిన్ అంటే ఇష్టం పుట్టింది అరకు రోడ్డులో, అదీ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఎస్.కోట వైపు దిగుతూ మూడో గేరులో వదిలేస్తే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది, మలుపు ముందు బ్రేకు ఊరికే ముట్టుకుంటే చాలు. అదే కిందదాకా బ్రేకు తొక్కుతూ దిగేవాళ్ళు కాలిన వాసన వస్తుంటే మధ్యలో ఆపుకుని నిలబడతారు, ప్రతి ఆదివారం చూస్తుంటా.

డల్లాస్_బావ | టెక్సాస్

యూటర్న్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఇక్కడ మోటార్‌సైకిల్ లైసెన్సు కావాలంటే ముందు ట్రైనింగ్ కోర్సు చెయ్యాల్సిందే. నేను గుంటూరులో పదిహేనేళ్ళు బండి తోలి వచ్చి, నాకేం నేర్పుతారులే అనుకుంటూ పోయా, ఖాళీ పార్కింగ్ లాట్‌లో చిన్న డబ్బా గీసి అందులో ఎనిమిది అంకె తిప్పమన్నారు. మొదటిరోజు కాలు పెట్టకుండా తిప్పలేకపోయా.

కిటుకు ఇది. బరువైన బండిని నడక వేగంలో తిప్పేటప్పుడు ముందు బ్రేకు జోలికి పోవద్దు, హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు అది పట్టావంటే బండి పక్కకి కూలుతుంది. ఎక్స్‌లేటర్ ఒక్క పిసరు తిప్పి అక్కడే ఉంచు, కదిలించకు. క్లచ్ సగంలో పట్టుకుని, కాస్త వదులుతూ కాస్త పడుతూ ఉండు. వెనక బ్రేకు మీద పాదం లైటుగా ఆనించి ఉంచు. ఇంజిన్ తోస్తుంటుంది, వెనక బ్రేకు పట్టుకుంటుంటుంది, ఆ రెంటి మధ్యా బండి బిగుసుకుని నిలబడుతుంది. ఇక తల. ముందు చక్రం వైపు చూడకు, డివైడర్ వైపు అసలు చూడకు, ఎటు పోవాలో అటు మెడ పూర్తిగా తిప్పి చూడు. బండి చూపు వెంట వస్తుంది. నువ్వు ఆటోవాడి వంక చూశావంటే ఆటో మీదకే పోతావు.

సెల్లార్ సంగతి: రాత్రి పెట్టేటప్పుడే ముక్కు బయటికి ఉండేలా పెట్టు. ఒంట్లో ఓపిక, ఇంజిన్ వేడి రెండూ ఉన్నప్పుడు తిప్పుకోవడం తేలిక. వాలులో ఆపితే ఫస్ట్ గేరులో వదిలెయ్.

మియాపూర్_పల్సర్ | హైదరాబాద్

బావగారూ, ఆదివారం మా కమ్యూనిటీ హాలు వెనక ఖాళీ జాగాలో రెండు ఇటుకలు పెట్టుకుని ప్రాక్టీసు చేశా. వాచ్‌మన్ కాసేపు చూసి "ఏం పోగొట్టుకున్నారు సార్" అన్నాడు. వెనక బ్రేకు కిటుకు అద్భుతం. నేను ఇన్నేళ్ళూ వెనక బ్రేకు అంటే ఆపడానికే అనుకున్నా. మెట్రో పిల్లర్ల దగ్గర ఇప్పుడు కాలు దించకుండా తిప్పుతున్నా, పదిలో ఏడెనిమిది సార్లు.

ఒక డౌటు. ఫస్ట్ సర్వీసు అయింది. నిన్న వానలో సడన్‌గా బ్రేకు పట్టాల్సి వచ్చింది, లివరు వేళ్ళ కింద టకటకా కొట్టుకుంది, పెడల్ కూడా పాదాన్ని తోసింది. ఏదైనా లూజ్ అయిందా? సర్వీసువాళ్ళు ఏమైనా సరిగ్గా బిగించలేదా అని టెన్షన్‌గా ఉంది.

హేమ_ఆన్_రోడ్ | విజయవాడ

అది ఏబీఎస్ తమ్ముడూ, లూజ్ కాదు! చక్రం లాకయ్యే ముందు బ్రేకు పట్టి వదిలి, పట్టి వదిలి చేస్తుంది, ఆ కొట్టుకునేది అదే. నీ పాత పల్సర్‌కి లేదు కాబట్టి తెలియదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైన కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరి అయింది. అలా కొట్టుకున్నప్పుడు భయపడి లివరు వదిలెయ్యకూడదు, అలాగే గట్టిగా పట్టి ఉంచాలి. నిన్న అదే లేకపోతే పల్సర్ మీద ఏమయ్యేదో ఆలోచించు.

మియాపూర్_పల్సర్ | హైదరాబాద్

ఆలోచించా అక్కా. బావమరిదికి ఫోన్ చేసి వానలో మెల్లగా పొమ్మని చెప్పా.

ఓంగోలు_గిత్త | ఒంగోలు

టాపిక్ పైకి తెస్తున్నా. ఏమయ్యింది అన్నా, మాచర్ల వెళ్ళావా? అమ్మేశావా?

మియాపూర్_పల్సర్ | హైదరాబాద్

వెళ్ళొచ్చా. లేటయింది రాయడానికి, ఆఫీసులో నెలాఖరు.

తాతగారి మాట మీద చీకటితోనే బయల్దేరా. ఎల్బీనగర్ దాటేదాకా ఏమీ లేదు, అదే బండి, అదే నేను. ఇబ్రహీంపట్నం దాటి యాచారం వచ్చేసరికి తెల్లారింది. రోడ్డు ఖాళీ. నాకు పల్సర్ మీద అలవాటేంటంటే ఖాళీ రోడ్డు కనపడితే ముందు వంగి లాగడమే, ఇక్కడా అదే చేశా, 95 దాటగానే హ్యాండిల్లో జుమ్మని మొదలైంది, అద్దంలో వెనకవన్నీ అలుక్కుపోయాయి. విసుగొచ్చి వదిలేశా. స్పీడు దానంతటదే పడి 75, 80 మధ్యకొచ్చి ఆగింది, ఐదో గేరు. అక్కడ ఒక్కసారిగా అంతా నిమ్మళించింది. జుమ్మనడం పోయింది. అద్దంలో వెనకొచ్చే లారీ నంబరు కూడా చదవగలిగా. ఒక్కొక్క దెబ్బా విడివిడిగా వినిపిస్తుంటుంది కదా ఇంజిన్‌ది, అది వింటూ మాల్ అనే ఊరి దాకా ఎలా వచ్చానో తెలీలేదు.

మాల్‌లో టీ తాగి బయల్దేరాక ఇంకో సంగతి తేలింది. ముందు ట్రాక్టరు పోతోంది, పత్తి లోడు, రోడ్డుకి సగం ఆక్రమించి. పల్సర్ అయితే రెండు గేర్లు దించి, గోల పెట్టించి దాటాలి. దీన్ని నాలుగులోకి ఒక్క గేరు దించి మెల్లగా మెలితిప్పా, ఘాట్_రోడ్ అన్న చెప్పినట్టే. వీపు మీద ఎవరో చెయ్యి పెట్టి ముందుకి తోసినట్టు వెళ్ళిపోయింది, శబ్దం కూడా పెద్దగా పెరగలేదు. మాస్టారు చెప్పిన 4000 ఆర్‌పీఎం అంటే ఏంటో ఆ ట్రాక్టర్ దగ్గర అర్థమైంది. తర్వాత మల్లేపల్లి దాకా దాటడానికి బండ్లు వస్తాయేమోనని చూసుకుంటూ పోయా, చిన్నపిల్లాడి వేషాలే అనుకోండి.

సాగర్ డ్యామ్ దిగువ వంతెన మీద ఆపి చూశా. నీళ్ళు వదల్లేదు, 26 గేట్లూ మూసే ఉన్నాయి. ఇంతకుముందు బస్సులో ఎప్పుడు దాటినా కిటికీ పక్క సీటు దొరికితేనే కనిపించేది. మాచర్ల చేరేసరికి నడుం నొప్పి లేదు, చేతులు గుంజలేదు. మా నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద కొట్టి, "ఇది నిలబడే బండిరా" అన్నాడు. పల్సర్ కొన్నప్పుడు "దీని మీద పడతావురా" అన్నాడు ఆయన.

ఇవతలి వైపు కూడా రాయాలి. సిటీలో ఇది ఇప్పటికీ నాకు పెద్దగా నచ్చదు. సెగ అలాగే ఉంది, మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఎలా ఉంటుందో తలుచుకుంటే భయమేస్తోంది. అందుకని వారంలో మూడు రోజులు మెట్రోలో రాయదుర్గం దిగి షేర్ ఆటోలో పోతున్నా, బండి రెండు రోజులే తీస్తున్నా. మెట్రోకి పోయిన రోజు సాయంత్రం దాన్ని బయటికి తీయాలనిపిస్తోంది, ఇది ముందు లేదు. అమ్మడం లేదు.

సగం_ట్యాంకు | వరంగల్

సంతోషం అన్నా. కానీ గమనించావా, నువ్వు కూడా ఆఫీసుకి దాన్ని మానేశావు. నేను చెప్పిందీ అదేగా. నీకు మాచర్ల ఉంది, నాకు లేదు. నాకు ఊరూ ఆఫీసూ అత్తారిల్లూ అన్నీ హన్మకొండే.

లెక్కల_మాస్టారు | కర్నూలు

ఒప్పుకోవాల్సిందే. సగం_ట్యాంకు గారి లెక్కలో తప్పులేదు.

మియాపూర్_పల్సర్ | హైదరాబాద్

నేనూ ఒప్పుకుంటా. మీ మాట వినకపోతే రోజూ దాని మీదే ఆఫీసుకి పోయి ఈపాటికి అమ్మేసేవాణ్ణేమో.

తర్వాతి ప్లాను శ్రీశైలం. ఆఫీసులో ఒకతను కూడా వస్తానంటున్నాడు, శుక్రవారం రాత్రి ఆఫీసు అవగానే బయల్దేరదామంటున్నాడు. ఏమంటారు?

ఘాట్_రోడ్ | విశాఖపట్నం

రాత్రి కుదరదు తమ్ముడూ. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసేస్తారు, అమ్రాబాద్ పులుల అడవి అది. శనివారం పొద్దున పోండి. లోపల స్పీడు తగ్గించండి, కోతులకి తిండి వెయ్యడానికి కార్లు ఎక్కడపడితే అక్కడ ఆపేస్తారు, మలుపు తిరగ్గానే ఎదురుగా ఉంటాయి. ఇంతకీ నీవి అల్లాయ్ వీల్సా, పుల్లల చక్రాలా?

మియాపూర్_పల్సర్ | హైదరాబాద్

పుల్లలవే. అందం చూసి తీసుకున్నా.

టాప్‌గేర్_తాత | గుంటూరు

అయితే లోపల ట్యూబు ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైరుకి మేకు గుచ్చుకుంటే గాలి మెల్లగా దిగుతుంది, రోడ్డు పక్కనే ఆ కన్నంలో రబ్బరు స్ట్రిప్ దూర్చుకుని పోవచ్చు. ట్యూబు అయితే ఒక్కసారిగా దిగిపోతుంది, చక్రం ఊడదీయాలి. అడవి మధ్యలో పంక్చర్ షాపు మీద ఆశ పెట్టుకోకు. వెనక చక్రానికి సరిపడే ట్యూబు ఒకటి, టైరు లివర్లు రెండు, చేతిపంపు ఒకటి బ్యాగులో పడేసుకో. పోయే ముందు ఇంటి దగ్గరే ఒకసారి వెనక చక్రం ఊడదీసి, మళ్ళీ బిగించి చూసుకో. ఇరుసు నట్టు షోరూమ్‌లో గన్నుతో బిగిస్తారు, టూల్ కిట్‌లో ఉన్న స్పానర్‌తో ఊడిరాదు, పొడుగు రాడ్డు కావాలి. అది అడవిలో తెలిస్తే లాభం లేదు.

మియాపూర్_పల్సర్ | హైదరాబాద్

తాతగారూ, ఇవన్నీ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో చూస్తే ట్యూబు సైజులు అర్థం కావట్లేదు.

సైలెన్సర్_స్టార్ | నిజాంపేట్

బ్రో, కోఠి దగ్గర పుత్లీబౌలి పో, బైకు సామాన్లన్నీ అక్కడే. టైరు పక్కన రాసున్న సైజు ఫొటో తీసుకుని చూపిస్తే అదే ఇస్తారు. ఆదివారం సగం షాపులు మూసుంటాయి, మామూలు రోజు పో. సైలెన్సర్ గురించి ఇంకేం చెప్పను, ప్రామిస్.